అరుంధతి ఊపిరి

నేను ఒక నెలపాటు ఖగోళ శాస్త్రవేత్తగా పనిచేశాను. చిలీ దేశంలో, వానంటే ఏమిటో ఎరగని ఒక ఎడారి కొండ మీద, ఏనుగుల కంటే పెద్ద దుర్భిణుల పక్కన. నన్ను అడగకుండా అక్కడ ఒక్క చుక్క కూడా పొడిచేది కాదు.

సరే, పనిచేసింది వాళ్ళు. నేను సన్నాయి ఊదాను. చుక్కలు నన్నేమీ అడగలేదు. కాని ఆ దేశం, ఆ కొండ, ఆ దుర్భిణులు మాత్రం నిజం. వాళ్ళు నా మెడలో వేసిన కార్డు ఇప్పటికీ మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, చాయ్ కూడా ఇస్తాను.

మా వృత్తిలో పదవీ విరమణకు కాగితాలు రావు. ముందు పళ్ళు ఊడిన రోజే రిటైర్మెంట్. నావి నిరుడు ఊడాయి. అంతవరకు తల్లాడ నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఏ ఇంట్లో పెళ్ళి జరిగినా నా సన్నాయి మోగాల్సిందే. అంటే, డీజేలు రాకముందు. వచ్చాక మమ్మల్ని వంటపాకల పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. ఒక్క సంగతి చెప్పుకోవాలి, అక్కడ కూర్చుంటే వడలు వేడిగా దొరుకుతాయి.

ఈమధ్య కొందరు కుర్రవాళ్ళు సన్నాయి నేర్చుకుంటామని పెనుబల్లి పక్కనున్న మా ఊరికి వస్తున్నారు. రాగం సంగతి అడగరు. "తాతా, ఫారిన్ ఎట్ల పోయినవ్?" అని అడుగుతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నోటితో చెప్తుంటే ప్రతిసారీ కొంచెం పెరుగుతోంది. కాగితం మీద పెడితే అయినా ఒకచోట ఆగుతుందని ఆశ.

ముందు మా మేళం కట్టుబాటు ఒకటి తెలియాలి.

పెళ్ళిలో ఏడడుగులు అయ్యాక పంతులుగారు వధూవరులను పందిరి బయటికి తీసుకొస్తారు. ఉత్తరం వైపు వేలెత్తి, "అదిగో సప్తర్షి మండలం. అందులో వశిష్ఠుడు, ఆయన పక్కన చిన్నగా అరుంధతి. కనిపించిందా అమ్మా?" అని అడుగుతారు. మా వైపు ముహూర్తాలు చాలావరకు పగటిపూటే. నెత్తిన ఎండ నిప్పులు కురుస్తుంటే చుక్క ఎక్కడ కనిపిస్తుంది? అయినా పెళ్ళికూతురు తలెత్తి, కళ్ళు చికిలించి, "కనిపించింది" అంటుంది. పెళ్ళికొడుకు అంతకంటే ముందే అంటాడు, ఆకలి కదా.

ఇది అందరికీ ఉన్నదే. మా మేళంలో ఇంకొంచెం ఉంది. పంతులుగారి వేలు లేచిన క్షణాన సన్నాయి ఒక స్వరం అందుకుంటుంది. పెళ్ళికూతురి నోటివెంట "కనిపించింది" అన్నమాట వచ్చేదాకా ఆ స్వరం తెగకూడదు. ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గల్లో దాచుకున్న గాలిని ఊదుతూ దాన్ని నిలబెట్టాలి. మాట వినపడగానే డోలు ముక్తాయింపు కొడుతుంది, అప్పుడు మేం ఆగుతాం. మా తాత దీన్ని అరుంధతి ఊపిరి అనేవాడు. "తెగితే ఏమైతది తాతా?" అని అడిగితే, "తెగదు" అనేవాడు. ఇంకో మాట చెప్పేవాడు కాదు.

సిగ్గరి పెళ్ళికూతుళ్ళు మా ప్రాణాలు తోడేసేవాళ్ళు. అందుకని మా నాన్న ముందుగానే, పిల్లకు నలుగు పెట్టేటప్పుడే వాకిట్లో నిలబడి, "బిడ్డా, పంతులు అడగంగనే జల్దీ చెప్పు. నీ సంసారం చల్లగుండాలంటే ముందు నేను బతికుండాలె" అని బతిమాలుకునేవాడు. అది కూడా పనిలో భాగమే.

ఆయన బతిమాలుకోని ఇల్లు ఒక్కటే ఉంది. మా ఇల్లే.

మా అక్క పెళ్ళినాడు నాన్న కన్యాదానం చేస్తూ పీటల మీద ఉన్నాడు. అందుకని సన్నాయి నా చేతికి వచ్చింది. అప్పటికి నాకు మీసం నల్లబడలేదు. పెళ్ళికొడుకు మా మేనత్త కొడుకు, మా మేళంలో డోలు వాయించేవాడే. అతనూ పీటల మీదే ఉన్నాడు కాబట్టి డోలుకు పక్క ఊరి మనిషిని తెచ్చారు. మిట్టమధ్యాహ్నం పంతులుగారు వేలెత్తారు. నేను స్వరం అందుకున్నాను.

"కనిపించిందా అమ్మా?"

మా అక్క తలెత్తి చూసింది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. మునివేళ్ళ మీద లేచి మరీ చూసింది.

"కనిపించలే."

పందిరంతా ఘొల్లున నవ్వింది. పంతులుగారు దగ్గి, "అట్లా అనకూడదు తల్లీ, సరిగ్గా చూడు," అన్నారు.

"సరిగ్గనే చూస్తున్న పంతులూ. ఎండ తప్ప ఏం లేదు. లేనిదాన్ని ఉన్నదని ఎట్ల చెప్పాలె?"

మా అక్క మొదటి నుంచీ అంతే. అబద్ధం ఆడదు. చిన్నప్పుడు నేను తిన్న తన్నుల్లో సగం ఆమె నిజం చెప్పడం వల్ల తిన్నవే. ఆమె పంతులుగారితో వాదిస్తోంది, నేను ఊదుతున్నాను. అమ్మ వెనక నుంచి గిచ్చింది. అయినా లొంగలేదు. అట్లా ఒక గంట ఊదాను. గంట కాదులెండి. అయిదు నిమిషాలు కూడా అయి ఉండదు. కాని ఆమెకు కనిపించని చుక్కలన్నీ పట్టపగలే నాకు కనిపించాయి. కళ్ళు తిరిగాయి. స్వరం కీచుమని తెగింది.

ఆ పెళ్ళికి "ఊపిరి తెగిన పెండ్లి" అని పేరు స్థిరపడిపోయింది. ఎద్దు తప్పిపోయినా, మిరప తోటకు తెగులు వచ్చినా మా బావ నావైపే చూసేవాడు. "వీడు ఊపిరి తెంపిండు, నా బతుకు గిట్లయింది," అనేవాడు. అక్క ఊరుకునేది కాదు. "నాకింక ఆ చుక్క కనిపించనే లేదు. కనిపించిననాడు చెప్త. గప్పటిదాక నీతోటి నా పెండ్లి సగమే అయినట్టు," అనేది. వాళ్ళకు పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. పెళ్ళి మాత్రం నలభై ఏళ్ళ పైన సగంలోనే ఉండిపోయింది.

నవ్వులాటే, కాదనను. అయినా ఏ పెళ్ళిలో పంతులుగారి వేలు లేచినా నా చూపు ముందు పెళ్ళికూతురి పెదవుల మీదికే పోయేది. ఆ తర్వాత వందల పెళ్ళిళ్ళలో ఆ ఊపిరి నిలబెట్టాను. తెగినది ఒక్కటే, అదీ సొంత అక్కది.

కొన్నేళ్ళ కిందట హైదరాబాదు నుంచి పెళ్ళి సంగీతం మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి మా ఊరికి వచ్చింది. మా మేళం రికార్డు చేసుకుంది. అరుంధతి ఊపిరి సంగతి విని రెండు రోజులు అదనంగా ఉండిపోయింది. చిలీలో ఒక పరిశోధనశాల వాళ్ళు ఏటా ఎవరో ఒక కళాకారుణ్ణి పిలిచి, కొండ మీద నెల రోజులు ఉంచుకుని, ఆకాశం చూడనిచ్చి, చివరి రోజు ఏదైనా వినిపించమంటారట. ఆమె మా రికార్డు వాళ్ళకు పంపింది. వాళ్ళు వీడియోలో మాట్లాడతామన్నారు.

"మీ సంగీతానికీ ఆకాశానికీ సంబంధం ఏమిటి?" అని అడిగారు. నేను గొంతు సవరించుకున్నాను. ఇరవై ఏడు నక్షత్రాలకూ ఇరవై ఏడు రాగాలు మా వంశంలో ఉన్నాయన్నాను. మా ముత్తాత ఆర్ద్ర రాగం ఊదితే గోదావరికి వరద వచ్చిందన్నాను. ఆ అమ్మాయి నవ్వకుండా ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. వాళ్ళు తలలూపారు. చాలా కాలం తర్వాత ఒప్పుకుంది, ఆమె చెప్పింది ఇంతేనట: "ఈయన దగ్గర ఒక చుక్క ఉంది, దానికోసం ఒక ఊపిరి ఉంది." మమ్మల్ని పిలిచింది ఆ మాటకే. నా ఇరవై ఏడు రాగాలూ సముద్రం దాటనే లేదు.

డోలు లేకుండా మేళం లేదు కాబట్టి బావ కూడా బయల్దేరాడు. మాటలు అటూ ఇటూ చేరవేయడానికి ఆ అమ్మాయి వచ్చింది. పొద్దున కారెక్కుతుంటే అక్క నా భుజం పట్టుకుంది.

"ఆడ ఇల్లంత దుర్భిణి ఉంటదట కద?"

"ఇల్లేంది అక్కా, భద్రాచలం బ్రిడ్జి అంత ఉంటది."

"గా చుక్కను చూసి రా తమ్ముడూ. ఉన్నదో లేదో నాకు చెప్పు."

"చూసుడేంది, మాట్లాడి వస్త."

"మాట్లాడుడు వద్దు. చూసి చెప్పు చాలు." కొంచెం ఆలోచించి బావ వైపు తిరిగింది. "నువ్వు కూడ చూడు. వీడొక్కడు చెప్తే నేను నమ్మ."

విమానంలో నేను సన్నాయి ఊదితే పైలట్ లేచి వచ్చి దండం పెట్టాడు. వచ్చింది పైలట్ కాదు, మంచినీళ్ళు ఇచ్చే అమ్మాయి. పెట్టింది దండం కాదు, నోటి మీద వేలు.

కొండ సంగతి. అక్కడ గాలి పలచన. నాలుగు మెట్లెక్కితే మా ఊరి నుంచి కూసుమంచి దాకా నడిచి వచ్చినట్టుండేది. పైగా తేమ లేదు. సన్నాయికి పెట్టే రెల్లు పీకలు ఎండి చీలిపోయేవి. తడిగుడ్డలో చుట్టి, ఊదబోయే ముందు పసిపిల్లకు పాలపీక పెట్టినట్టు నోట్లో నానబెట్టుకునేవాణ్ణి. బావ డోలు తోలు బిగుసుకుపోయి, తట్టితే ఇనుప రేకులా మోగేది. ఆయన దానికి తడి తుండుగుడ్డ కప్పి, జ్వరం వచ్చిన మనిషికి కాపలా ఉన్నట్టు పక్కనే కూర్చునేవాడు.

మొదటి రోజే మేం ఒక ఘనకార్యం చేశాం. మన అలవాటు ప్రకారం తెల్లవారగానే స్నానం చేసి, డోలు సన్నాయి అందుకుని భూపాలం మొదలుపెట్టాం. వరసగా తలుపులు తెరుచుకున్నాయి. నిద్ర కళ్ళతో, జుట్లు రేగి, దుప్పట్లు కప్పుకుని శాస్త్రవేత్తలు బయటికి వచ్చారు. రాత్రంతా చుక్కలు చూసి అప్పుడే పడుకున్నారట పాపం. ఆ కొండ మీద మన పొద్దున వాళ్ళ అర్ధరాత్రి. "చప్పట్లు కొడతరనుకుంటే చెప్పులు తెచ్చేటట్టున్నరు," అన్నాడు బావ.

ఆ కొండకు పెద్ద ఒక తెల్లజుట్టు ఆవిడ. మా బావకు ఆమె మొదటి చూపులోనే నచ్చింది, ఎందుకంటే ఆమె డోలును అడిగి ముట్టుకుంది. ఆ సాయంత్రం పొద్దు గూకాక మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్ళింది. అంత ఆకాశం నేనెప్పుడూ చూడలేదు. ఇందులో పెంచి చెప్పడానికి నాకు సందు దొరకలేదు.

తర్వాత నేను గొప్పగా, "ఇగ మా అరుంధతిని చూపియ్యమనమ్మా," అన్నాను పరిశోధన అమ్మాయితో.

ఆ అమ్మాయి నా మాట చేరవేసింది. తెల్లజుట్టు ఆవిడ నా ముఖం చూసింది, ఆకాశం చూసింది, మెల్లగా గోడ మీద కూర్చుంది. ఆమె చెప్పినదంతా ఆ అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. అరుంధతి ఉత్తరాది చుక్క. భూమి గుండ్రం. మేమున్నది భూమికి దక్షిణపు మలుపులో. ఇక్కడ ఆ చుక్క ఏడాదిలో కొన్నాళ్ళు ఉత్తరపు కొండల అంచున తొంగిచూసి పోతుంది. మేం ఉండే రోజుల్లో అదీ లేదు.

"మరి అది చూడాలంటే ఎక్కడికి పోవాలె?" అని అడిగాను.

"మీ ఊరికి, బాబాయ్ గారూ," అంది ఆ అమ్మాయి. "దుర్భిణి కూడా అక్కర్లేదట. ఎండాకాలం చీకటి పడ్డాక ఇంటి బయట నిలబడి ఉత్తరం వైపు చూస్తే మామూలు కళ్ళకే కనిపిస్తుందట."

బావ గోడ పట్టుకుని నవ్వాడు. గాలి చాలక దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. "ఓరి బామ్మర్దీ! ఇంటెనకనున్న చుక్క కోసం ఏడు సముద్రాలు దాటిస్తివి గదరా!"

మీరడగొచ్చు, జీవితమంతా ఆ చుక్క పేరు మీద ఊదినవాడివి, ఒక్కసారైనా రాత్రిపూట తలెత్తి వెతకలేదా అని. లేదు. పగలు పెళ్ళి, పెళ్ళయ్యాక అన్నం, అన్నమయ్యాక నిద్ర. చుక్క పంతులుగారి శాఖ అనుకున్నాను, ఊపిరి నా శాఖ.

ఇప్పుడు చిక్కు వచ్చి పడింది. చివరి రోజు మేం వినిపించేది అరుంధతి ఊపిరి అని భోజనశాల గోడ మీద అప్పటికే కాగితం అంటించారు. అరుంధతి లేదు. తెల్లజుట్టు ఆవిడ మంచిమనసుతో, మీకు కావాలంటే ఇక్కడ నడినెత్తిన వెలిగే చుక్కలు బోలెడున్నాయి, ఒకటి ఎంచుకోండి అంది. నేను వెంటనే ఒప్పుకునేవాణ్ణే. ఆ చుక్కకూ మా వంశంలో రాగం ఉందని చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"వద్దు," అన్నాడు బావ. "పిల్లకు చూపెట్టేది ఒక్కటే చుక్క. గా చుక్క లేదని ఇంకోదాన్ని చూపెడితే, పెండ్లికొడుకు రాలేదని పక్కింటోన్ని పీటల మీద కూసోపెట్టినట్టుంటది."

ఆమెకు ఇది చాలా నచ్చింది. పగటిపూట పెళ్ళిళ్ళలో జంటలకు చుక్క ఎట్లా కనిపిస్తుందని అడిగింది. మంత్రబలం వల్ల అన్నాను. ఆ అమ్మాయి దాన్ని అనువదించలేదు. బావే చెప్పాడు, కనిపించదు, కనిపించిందంటారు, అంతేనని. అక్క పెళ్ళి కథ కూడా ఆయనే చెప్పాడు, నా ఊపిరి తెగడంతో సహా, కీచుమన్న చప్పుడుతో సహా.

ఆవిడ నవ్వలేదు. "మీ అక్కగారు మా దగ్గర పనిచేయాల్సిన మనిషి," అంది. "చూడనిదాన్ని చూశామని రాయడానికి మాకూ వీల్లేదు."

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రాత్రి ఎందుకు, మన పెళ్ళిళ్ళలో లాగే మిట్టమధ్యాహ్నం వాయిద్దాం. కనిపించని చుక్కను కనిపించని వేళ చూపించడం మా మేళానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆలోచన నాదేనని చాలా చోట్ల చెప్పాను. బావది. నేను అప్పటికి పక్క చుక్క పేరు కనుక్కుంటున్నాను.

మధ్యాహ్నం అంటే వాళ్ళకు నిద్ర పాడు. అయినా ఆ రోజు అందరూ వచ్చారు. నల్ల కళ్ళద్దాలతో, ఆవలింతలతో, కాఫీ కప్పులతో శాస్త్రవేత్తలు. వంటవాళ్ళు, డ్రైవర్లు, దుర్భిణుల అద్దాలు తుడిచేవాళ్ళు. అక్కడి డాక్టరు నా వేలికి ఒక చిన్న క్లిప్పు తగిలించి చూసి, ఎక్కువసేపు ఊదొద్దని చెప్పాడు. "ఆ ఎంత, ఒక్క నిమిషం," అన్నాను. పెళ్ళికూతురు త్వరగా చెప్తుందనుకున్నాను.

వేలు చూపించే పంతులూ, జవాబిచ్చే పెళ్ళికూతురూ రెండూ తెల్లజుట్టు ఆవిడే, అడిగే నోరు మాత్రం ఆ అమ్మాయిది. ఏం చేయాలో, ఏ మాట చెప్తే మేం ఆగుతామో ఆ అమ్మాయి ఆమెకు ముందే వివరించింది. నేను చేసిన తప్పల్లా ఒకటే. మా నాన్న ప్రతి పెళ్ళికీ చేసే పని చేయలేదు. బతిమాలుకోలేదు. ఇంత చదువుకున్న మనిషికి నేను చెప్పడమేంటి అనుకున్నాను. సన్నాయి పట్టే పిల్లలకు నేను ఇచ్చే సలహా ఏదైనా ఉంటే ఇదే: ముందే బతిమాలుకోండి.

శ్రుతి పెట్టె మోగింది. బావ డోలు మీది తడిగుడ్డ తీశాడు. ఆవిడ మధ్యలోకి వచ్చి నిలబడింది. అందరూ ఆకాశం వైపు తలలెత్తారు. ఆమె మాత్రం చెయ్యి చాపి, వేలును కిందికి చూపించింది. ఉత్తరంగా, ఏటవాలుగా, నేలలోకి. ఆ క్షణాన అరుంధతి ఉన్నది అక్కడట. మా పాదాల కింద, భూమికి అవతల. తలలన్నీ కిందికి వంగాయి. నేను స్వరం అందుకున్నాను.

"కనిపించిందా?" అని తెలుగులోనే అడిగింది ఆ అమ్మాయి.

ఆవిడ నేలను చూస్తూ నిలబడింది.

నేను ఊదుతున్నాను. ముక్కుతో పీలిస్తే లోపలికి వచ్చేది గాలి కాదు, గాలి జ్ఞాపకం. ఆవిడ ఇంకా నేలనే చూస్తోంది. అప్పుడర్థమైంది నాకు. ఈమె చెప్పదు. చూడనిదాన్ని చూశానని ఈమె చచ్చినా చెప్పదు. అదే ఎండ, అదే వేలు, అట్లాంటి ఆడమనిషే. ప్రపంచంలో అబద్ధమాడని ఆడవాళ్ళు ఇద్దరుంటే ఇద్దరి ముందూ నాకే సన్నాయి ఇచ్చాడు దేవుడు.

స్వరం అంచు చిరుగుతోంది. డాక్టరు కుర్చీలోంచి లేవడం కనిపించింది.

అప్పుడు పక్కనుంచి బావ గొంతు వినిపించింది, దరువు ఆపకుండానే. "ముక్కుతోటి పీల్చురా. తొందర పడకు. నేనున్న." నేను గాలి పీల్చే చోటల్లా ఆయన డోలు మీద ఒక దెబ్బ నిండుగా వేశాడు. స్వరం సన్నబడిన చోట దెబ్బ లావుగా పడింది. చిరుగుకు అతుకు వేసినట్టు. నలభై ఏళ్ళు ఊపిరి తెంపినవాడని నన్ను ఏడిపించిన మనిషి, ఆ ఊపిరికి తన చెయ్యి అడ్డం పెట్టి నడిపించాడు.

ఆవిడ కూర్చుంది. అరచెయ్యి నేలకు ఆనించింది.

"కనిపించలే," అంది తెలుగులో. ఎప్పుడు నేర్చుకుందో. మా అక్క మాటే, మా అక్క యాసే.

నా పని అయిపోయిందనుకున్నాను.

"కాని, ఉంది," అంది.

బావ డోలు ముక్తాయింపు కొట్టింది. స్వరం తెగలేదు. ఆగింది, మేం ఆపితే ఆగింది.

చప్పట్లు అరగంట మోగాయి. నన్ను భుజాల మీదికెత్తుకుని కొండంతా ఊరేగించారు. ఆ ఊరేగింపు మీరు చూడాల్సింది. నేనూ చూడలేదు. నేను కుర్చీలో ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టించుకుని కూర్చున్నాను. ఆ ఫోటో ఉంది. అందులో నవ్వుతున్నాను, అది మాత్రం నిజం నవ్వు. ఆవిడ నా పక్కన కూర్చుని చెప్పింది. ఇప్పుడు మీ ఇంటి దగ్గర చీకటి పడి ఉంటుంది, ఆ చుక్క ఈశాన్యం మూలన అప్పుడే పైకి వచ్చి ఉంటుంది, మీ అక్కగారు బయటికి వస్తే చూడొచ్చు అని.

గొట్టం తీశాక బావను అడిగాను. "కనిపించింది అననే లేదు కద, ఎందుకు ముగించినవ్?"

ఆయన డోలుకు గుడ్డ చుడుతూ అన్నాడు: "కనిపియ్యకున్నా ఉన్నదన్నది. మీ అక్కతోటి ఇన్నేండ్లు కాపురం చేసినోన్ని. గంతకంటే గట్టి మాట నేను యాడ వినాలె?"

ఇంటికి వచ్చిన పూటే అక్క అడిగింది. "చూసినవా?"

నేను నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు. "లేదు. ఆడ లేదంట. ఈడ ఉన్నదంట."

"నేను అనుకుంటనే ఉన్న," అంది అక్క.

చైత్రం దాకా ఆగాం. కొండ మీది తెల్లజుట్టు ఆవిడ, అప్పుడైతే చుక్క బాగా పైకొచ్చి తేటగా ఉంటుందని చెప్పింది. బావ మిరప కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన, కల్లం నుంచి మిర్చి ఘాటు. పొద్దు గూకి చీకటి చిక్కబడ్డాక ముగ్గురం కల్లం గట్టు మీద నిలబడ్డాం. నేను వేలెత్తి, ఆవిడ నేర్పినట్టే ఉత్తరాన ఏడు చుక్కలు చూపించాను.

"ఓస్, గదా!" అంది అక్క. "గది ముసలమ్మ మంచం కద. నాలుగు మంచపు కోళ్ళు, ఎనక ముగ్గురు దొంగలు. మనవ్వ చెప్పేది."

"అవ్. గా నడిమి దొంగే వశిష్ఠుడు."

"వశిష్ఠుల వారు దొంగనా?"

"ఆయన పక్కన సన్నంగ ఇంకో చుక్క. గదే అరుంధతి. ఆగు, నన్ను ఊదనియ్యి."

బావ డోలు మెడకు తగిలించుకున్నాడు. నేను స్వరం అందుకున్నాను. అక్కకు ఆ మధ్యే కంటి ఆపరేషన్ అయింది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. మునివేళ్ళ మీద లేచింది, ఈ వయసులో కూడా.

"దొంగ కనిపించిండు. పక్కన ఎవ్వరు లేరు. ఊదు."

మిర్చి ఘాటు ముక్కులోకి పోతోంది. దగ్గు వస్తోంది. దగ్గితే తెగుతుంది. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, మిర్చి వల్లే. ఎక్కువ మిర్చి వల్లే.

"ఊదు... ఊదు..." అక్క మెడ ఇంకా పైకి సాచింది. ఉన్నట్టుండి కదలకుండా అయిపోయింది.

"ఆఁ," అంది. చాలా మెల్లగా. "కనిపించింది."

ముక్తాయింపు పడాలి. పడలేదు. బావ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. డోలు సంగతి మరిచిపోయి అక్కను చూస్తున్నాడు. నేను ఊదుతూనే ఉన్నాను. "కొట్టు బావా, సస్త!" అందామంటే నోరు ఖాళీ లేదు.

అక్కే ఆయన వైపు తిరిగింది. "కొట్టవేందయ్యా? పెండ్లి గావద్దా?"

అప్పుడు కొట్టాడు. భూపాలానికి నిద్ర లేచిన ఆ కొండ మనుషులు ఇంకోసారి లేచేటంత గట్టిగా కొట్టాడు.

ఆ సాయంత్రం ఎంతసేపు ఊదానంటే, ఏడు చుక్కలూ పడమటికి వాలేదాకా అని నేను చెప్తాను. బావనడిగితే ఒక చుట్ట కాలేంతసేపు అంటాడు. ఎవరిది నిజమో తేలాలంటే మా అక్కను అడగాలి. మీరు మాత్రం అడగకండి. ఆమె చెప్పేస్తుంది.